రెండోసారి చెప్పక్కర్లేదు

మొదటి రోజే సుద్దముక్క మూడుసార్లు విరిగింది.

నాలుగోసారి విరగడానికి ముక్క మిగల్లేదు. తొమ్మిదో తరగతి మొత్తం నవ్వింది. ట్రైనింగుకు వచ్చిన కొత్త టీచరు బోర్డు వైపు తిరిగి అలాగే నిలబడిపోయింది.

చివరి బెంచీలో కూర్చున్న గైడ్ టీచరు లేచి వచ్చి, తన సంచీలోంచి సుద్దముక్క తీసిచ్చింది.

"కొంచెం నెమ్మదిగా చెప్పమ్మా. వెనకవాళ్లకి అందట్లేదు."

అన్నది అంతే. అదీ మెల్లగానే.

కొత్త టీచరు ఆ పీరియడ్ ఎలాగో ముగించి, స్టాఫ్‌రూములో మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది.

"నావల్ల కాదు మేడమ్. రేపట్నుంచి రాను. ముప్పై రెండేళ్లకి నాకెందుకొచ్చిన ట్రైనింగు?"

గైడ్ టీచరు మంచినీళ్ల సీసా ఆమె ముందుకు జరిపింది. రికార్డు తెరిచి, రిమార్కుల గడిలో 'సరే' అని రాసి సంతకం పెట్టింది.

"రేపు త్రిభుజాలు కదా. రా అమ్మా."

ఆ తర్వాత చెప్పిన పాఠాలన్నిటికీ ఆమె రాసింది ఆ ఒక్క మాటే. ట్రైనీలు ఆమెకి 'సరే మేడమ్' అని పేరు పెట్టేశారు.

ఇంట్లో అత్తగారు పాపకి జడ వేస్తూ రోజూ అడిగేది.

"ఇవాళ ఏమందే మీ గైడు?"

"సరే అంది."

"అంతేనా? నీ కూరకి నేనే అంతకంటే ఎక్కువ వంకలు పెడతానే."

"ఆవిడ వింటే కదా అత్తయ్యా. నేను బోర్డు దగ్గర గొంతు చించుకుంటుంటే, ఆవిడ పిల్లల వంకే చూస్తూ చీటీ మీద ఏదో రాసుకుంటుంది."

గైడ్ సంగతి ఎలా ఉన్నా, క్లాసు మాత్రం దారిలో పడింది. "నిన్న ఏం చెప్పుకున్నాం?" అంటే చాలు, పాతిక చేతులు లేచేవి.

ట్రైనీలని కాలేజీ వ్యాను మూడున్నరకే తీసుకెళ్లిపోయేది. బడి వదిలేది నాలుగింటికి. ఒక్కోరోజు పొద్దున, తను తుడిచి వెళ్లిన బోర్డు మీద తన త్రిభుజమే మళ్లీ గీసి కనిపించేది. పిల్లలు టీచరాట ఆడుకున్నారనుకుని, నవ్వుకుని తుడిచేసేది.

ఇక మిగిలింది ఫైనల్ పాఠం. బయటి నుంచి ఎగ్జామినర్ వస్తాడు. అందులో గట్టెక్కితే ఇంటి పక్క బడిలోనే లెక్కల పోస్టు. జూన్‌లో చేరమన్నారు.

రెండు వారాల ముందు కాలేజీవాళ్లు ఒక ఫారం ఇచ్చారు. 'మీ గైడ్ నుంచి ఏం నేర్చుకున్నారు?'

ఆమె దాపరికం లేకుండా రాసింది. 'ఏమీ లేదు. సరే అనడం తప్ప ఆవిడ ఏమీ చెప్పరు. నా క్లాసులో పిల్లలకి ఏదీ రెండోసారి చెప్పక్కర్లేదు. ఫైనల్‌కైనా కాస్త చెప్పగలిగే గైడ్‌ని ఇప్పించండి.'

ఆ ఫారం కాలేజీ నుంచి హెడ్మాస్టరు బల్ల మీదికి వచ్చింది. రెండు బస్సులు మారి వెళ్లాల్సిన బడిలో లెక్కలకి మనిషి కావాలని ఆయన్ని ఎప్పట్నుంచో అడుగుతున్నారు. ఈసారి ఆయన సరే మేడమ్ పేరు రాసి పంపాడు.

వెళ్లే రోజు సరే మేడమ్ స్టాఫ్‌రూములో కాసేపు ఆగింది.

"వృత్తాల దగ్గర పిల్లలు తడబడతారు. చూసుకో అమ్మా."

"చూసుకుంటాను మేడమ్," అంది కొత్త టీచరు, చార్టు మీంచి తల ఎత్తకుండానే.

కొత్త గైడ్ రిమార్కులతో పేజీలు నింపేది. గొంతు బాగుంది. దస్తూరి బాగుంది. మాటిమాటికీ కళ్లజోడు సర్దుకోవడం తగ్గించాలి.

"ఇదీ గైడంటే," అంది అత్తగారు.

బోర్డు ఇప్పుడు పొద్దున్నే శుభ్రంగా ఉంటోంది. లేచే చేతులు పది అయ్యాయి. తర్వాత నాలుగు. పరీక్షలు దగ్గర పడి అలిసిపోయి ఉంటారు అనుకుంది.

ఫైనల్ రోజు ఎగ్జామినర్ చివరి బెంచీలో కూర్చున్నాడు.

"నిన్న చెప్పుకున్నాం కదా. వృత్త కేంద్రం నుంచి జ్యాకి లంబం గీస్తే ఏమవుతుంది?"

ఒక్క చెయ్యీ లేవలేదు. ఇంకోలా అడిగింది. ఇంకోలా కూడా అడిగింది.

పీరియడ్ అయ్యాక ఎగ్జామినర్ పెన్ను మూత పెట్టాడు.

"మీరు బాగానే చెప్పారమ్మా. పిల్లలకే అందలేదు. వచ్చే ఏడు మళ్లీ ఒకసారి చెప్పండి."

పక్క బడి పోస్టు వచ్చే ఏడు దాకా ఆగదని ఆమెకి తెలుసు.

అందరూ వెళ్తుంటే ముందు బెంచీ రెండు జడల పిల్లని పిలిచింది.

"ఎప్పుడూ గడగడా చెప్పేదానివి కదే. ఇవాళ ఏమైంది?"

"ఇది ఒక్కసారే విన్నాం కదా టీచర్."

"ముందు పాఠాలు ఎన్నిసార్లు విన్నారేం?"

ఆ పిల్ల నాలుక కరుచుకుంది. పక్కనున్న స్నేహితురాలు మోచేత్తో పొడిచింది.

"చెప్పెయ్యవే. మేడమ్ ఎలాగూ వెళ్లిపోయారుగా."

"మీ వ్యాను వెళ్లాక, బెల్లు కొట్టినా మా లెక్కల మేడమ్ మమ్మల్ని అరగంట ఆపేవారు టీచర్. మీరు గీసిన బొమ్మే గీసి, మీ పాఠమే నెమ్మదిగా మళ్లీ చెప్పేవారు. ఎవరికి అర్థం కాలేదో చీటీలో రాసుకుని, వాళ్లనే అడిగేవారు."

కొత్త టీచరు కుర్చీలో కూర్చుంది.

"మరి నాకు ఒక్కళ్లూ చెప్పలేదేం?"

"మేడమ్ వద్దన్నారు. చెబితే మీ టీచర్ రేపట్నుంచి రాదు అన్నారు."