చదివే కుర్చీ

“ఆ పెద్దది చదివి వినిపిస్తుందన్న సంగతి మాత్రం మా ఆవిడ దగ్గర ఎత్తకు తల్లీ,” అన్నాడు డ్రైవరుగారు, కౌంటరు మీదికి వంగి గొంతు తగ్గించి.

కౌంటరు వెనకున్న అమ్మాయి ఒకసారి ట్యాబ్లెట్ వంక, ఒకసారి ఆయన వంక చూసింది. “దాని గొప్పే అది కదా బాబాయ్ గారూ. పుస్తకం తెరిచి ఒక్కచోట నొక్కితే చాలు, చక్కటి గొంతుతో చదువుకుంటూ పోతుంది. ఈ చిన్నది ఈ-రీడర్. దీనికి నోరు లేదు.”

“నాకు నోరు లేనిదే కావాలి.”

ఆయన భార్య కొట్టు తలుపు దగ్గరే ఆగిపోయింది. కాపలా మనిషి చొక్కాకి బొత్తాం ఒకటి వేలాడుతుంటే ఆవిడకి కాళ్లు ముందుకు సాగలేదు. సంచిలోంచి సూదీ దారం తీసి, మనిషిని కదలొద్దని నిలబెట్టి మరీ కుడుతోంది. ఆవిడ కుట్టుపని మనిషి. బళ్లో పిల్లల చొక్కాలకి కాజాలు చేత్తోనే కుడుతుంది.

ముప్ఫై ఏళ్లుగా ఆ ఇంట్లో సాయంత్రాలన్నీ ఒకలాగే గడిచాయి. డ్యూటీ దిగి వచ్చి డ్రైవరుగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని నవల చదివేవాడు. ఎదురుగా ఆవిడ కాజాలు కుడుతూ వినేది. చేతులూ కళ్లూ గుడ్డ మీద, చెవులు కథలో. కథలో ఎవరికైనా కష్టం వచ్చిందంటే ఆయనకి గొంతు పట్టేసేది. ఆ సంగతి బయటపడకుండా రెండుసార్లు దగ్గేవాడు. ఆవిడ పంటితో దారం తెంపుకుని, ఆయన సర్దుకునేదాకా సూదిలో కొత్త దారం ఎక్కించుకునేది.

ఏడాదిగా అక్షరాలు ఆయన్ని ఏడిపిస్తున్నాయి. వరసలు తప్పుతున్నాయి, రెండేసి పేజీలు ఒక్కసారే తిరిగిపోతున్నాయి. మొన్నటికి మొన్న నలభయ్యో పేజీలో పోయిన మామగారు నలభై నాలుగులో లేచొచ్చి కాఫీ అడిగాడు. “పోనీండి, పాపం, తాగనివ్వండి,” అంది ఆవిడ కుట్టు ఆపకుండా.

అక్షరాలు పెద్దవి చేసుకునే మిషన్లు వచ్చాయట, చూసొద్దాం పదండి అని బయల్దేరదీసింది కూడా ఆవిడే. తీరా వచ్చి చూస్తే, చదివి పెట్టే మిషనే ఉంది. డ్రైవరుగారి గుండెల్లో రాయి పడింది. రిటైరై బస్సు దిగి ఆరేళ్లయింది. ఈ కుర్చీ కూడా దిగమంటే ఇక ఆ ఇంట్లో తను చేసే పనేమిటి?

జేబులో ఫోను మోగింది. వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్న కూతురు.

“నాన్నా, అమ్మకి పార్సిల్ పంపానుగా. వాడుతోందా?”

పది రోజుల కిందట వచ్చింది ఆ పార్సిల్. దారపుండలు పంపింది పిచ్చిపిల్ల అని చెప్పి ఆవిడ కుట్టుమిషను సొరుగులో సర్దేసుకుంది.

“వాడకేం తల్లీ, రోజూ దాంతోనే...” అంటుండగానే ఆవిడ సూదిని సంచికి గుచ్చేసి వచ్చి ఫోను లాక్కుంది. “మేం కొట్లో ఉన్నామే. మీ నాన్న బేరంలో ఉన్నారు. ఇంటికెళ్లి నేను చేస్తాగా,” అని పెట్టేసింది.

“ఏవమ్మా, ఏవి చూపిస్తున్నావు మా ఆయనకి?”

అమ్మాయి రెండూ ముందు పెట్టింది. ఆవిడ ట్యాబ్లెట్ ఎత్తి చూసి, ఆన్ చెయ్యకుండానే దించేసింది.

“బరువు. మొహం మీద దీపం పెట్టినట్టుంటుంది. పైగా పది పేజీలకే వేడెక్కుతుంది.”

“కానీ పిన్నిగారూ, ఇందులో ఇంకోటి కూడా...”

డ్రైవరుగారు దగ్గాడు. అమ్మాయి నోరు మూసుకుంది.

ఈ-రీడర్‌లో అక్షరాలు పెంచి ఆయన చేతికిచ్చింది ఆవిడ. “ఏదీ, ఓ ముక్క చదవండి.” ఆయన చదివాడు. నాలుగు వరసలు, ఎక్కడా తడబడలేదు. కాపలా మనిషి కూడా తలుపు దగ్గర్నుంచి తొంగిచూశాడు.

“ఇదే ఇవ్వమ్మా,” అంది ఆవిడ. డ్రైవరుగారికి ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రం పన్నెండు పేజీలు గడగడా చదివాడు. పోయినవాళ్లు పోయినట్టే ఉన్నారు. అయినా మనసు కుదురుగా లేదు. ముప్ఫై ఏళ్లలో ఆవిడ దగ్గర దాచింది లేదు. పదమూడో పేజీలో ఆగిపోయాడు.

“నీకో మాట చెప్పాలి. ఆ పెద్దది ఉందే, అది తనే చదివి వినిపిస్తుందట. నీకు చెప్పొద్దని ఆ పిల్లని నేనే ఆపాను. నీ సుఖం చూడాల్సింది పోయి నా కుర్చీ చూసుకున్నాను.”

ఆవిడ సూది ఆగింది. “చదువుతుందా?”

“తప్పుల్లేకుండా చదువుతుందట.”

“మరి ఏడుపొచ్చే చోట దగ్గుతుందా?”

“మిషను కదా. దగ్గదు.”

“దగ్గకపోతే పోనీ, నేను దారం ఎక్కించుకునేదాకా ఆగుతుందా?”

“ఆగదు.”

“ఇంక నాకెందుకండీ అది? చదవండి.”

ఆయన కళ్లు తుడుచుకుని రెండుసార్లు దగ్గాడు. అక్షరాలు ఇంకో మెట్టు పెంచుకుని పదమూడో పేజీ మళ్లీ మొదలుపెట్టాడు.

ఆవిడ బొత్తాల డబ్బాలోంచి కావలసిన బొత్తాం ఏరుకుంది. డబ్బాని తిరిగి సొరుగులో, కూతురు పంపిన ట్యాబ్లెట్ మీద పెట్టి మూసేసింది.