బౌలింగ్ ఫొటో

బల్ల మీద హర్షిణి ఫొటో లేదు.

రాగిణి పొద్దున తన చేత్తోనే పెట్టి, చామంతుల దండ వేసింది. కారులోంచి కాఫీ ఫ్లాస్కులు తెచ్చేలోపు ఆ దండ వెంకటేశ్వరస్వామి పటం మీదికి ఎక్కింది.

"మా అక్క ఫొటో ఎవరు తీశారు?"

"నేనేనమ్మా," అన్నాడు రాజగోపాల్. కెనడాలో, ఈ హామిల్టన్‌లో తెలుగువాళ్ళకి పెళ్ళయినా చావైనా ఆయనే పెద్ద. "అందులో నాలుక బయటికి కనిపిస్తోంది. పదిమందీ వచ్చే చోటు కదా, బాగోదని."

"ఎక్కడ పెట్టారు?"

ఆయన హాలు చివర కుర్చీల దొంతర వైపు చూపించాడు.

ఫొటో గోడవైపు తిరిగి ఉంది.

రాగిణి దాన్ని తెచ్చి స్వామి పక్కనే పెట్టింది. బంతి దొర్లించి ఆడే బౌలింగ్ ఆటలో ఒకే ఒక్క పిన్ను పడగొట్టి, రెండు చేతులూ పైకెత్తి, నోరంతా తెరిచి నవ్వుతున్న హర్షిణి. ఆ రోజు పక్క లేన్లలో వాళ్ళందరికీ వంగి వంగి దణ్ణాలు పెట్టింది. వాళ్ళూ ఆట ఆపి చప్పట్లు కొట్టారు.

డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది హర్షిణి. నలభై నిండకుండానే, మొన్న న్యుమోనియాతో పోయింది.

జనం వస్తున్నారు. ముందు వరసలో కూర్చున్న అమ్మ, అన్నపూర్ణ చేతులు పట్టుకుని ఒకటే మాట అంటున్నారు.

"పోనీలెండి, మీ కళ్ళముందే వెళ్ళిపోయింది. మీ తర్వాత ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను," అంది రాగిణి.

"నీకూ సంసారం ఉంది కదమ్మా," అంది ఆ మాటన్న వాళ్ళలో ఒకావిడ, ఓదారుస్తున్నట్టు.

రాగిణి పళ్ళు బిగించింది. అక్కని చూడటం ఒక పనా? మాంట్రియల్ నుంచి తను వచ్చినప్పుడల్లా బస్‌స్టాప్‌లో ఎదురుచూసేది అక్క. డ్రైవర్‌కి హైఫైవ్ ఇచ్చాకే చెల్లెల్ని పట్టించుకునేది. ఏటా మొదటిసారి మంచు పడిన రోజు "నా స్నో" అంటూ ఇరుగుపొరుగు తలుపులన్నీ కొట్టి వచ్చేది. ఎవరి పుట్టినరోజైనా కొవ్వొత్తులు తనే ఊదేసి, తర్వాత తీరిగ్గా సారీ చెప్పేది. పాన్‌కేకుల్లో గోంగూర పచ్చడి నంజుకుని, అమ్మకి వంట రాదని అందరికీ చెప్పేది.

ఇందులో కష్టం ఎక్కడుందో రాగిణికి ఎప్పుడూ కనపడలేదు.

రాజగోపాల్ మైకు అందుకున్నాడు.

"ఏ జన్మ రుణమో, ఏ పాపమో. ఈ తల్లి ఇన్నేళ్ళు శిక్ష అనుభవించింది. ఈనాటికి ఆ దేవుడు ఇద్దరికీ విముక్తి..."

రాగిణి వెళ్ళి ఆయన చేతిలోంచి మైకు లాక్కుంది.

"శిక్ష వేసింది దేవుడు కాదంకుల్. మీ అమ్మాయి నిశ్చితార్థం గుర్తుందా? 'హర్షిణిని ఇంట్లో ఉంచి రండి, మగపెళ్ళివారు ఏమనుకుంటారో' అని మా నాన్నకి ఫోన్ చేశారు."

రాగిణి ఫొటో వైపు చెయ్యి చూపించింది.

"అప్పటికే అక్క కొత్త పట్టులంగా కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. వెళ్ళడం లేదని చెప్తే ఏడవలేదు. 'వాళ్ళింట్లో ఎవరికైనా జ్వరమా' అని అడిగింది. పెళ్ళికూతురికి తగ్గాలని దణ్ణం పెట్టుకుంది. తర్వాత పాటలు పెట్టి మా అందరిచేతా డాన్స్ చేయించింది. మా నాన్న కళ్ళు తుడుచుకుంటూనే గెంతారు. మీ గురించి ఆయన పోయేదాకా ఒక్కమాట అనలేదు. నేను అంటున్నాను. దాని నవ్వు చూడలేక ఫొటోని గోడకి తిప్పిన మీరు, దాని గురించి మాట్లాడకండి."

రాజగోపాల్ మొహం కందిపోయింది.

"బాధలో ఉన్నావు, ఏమన్నా పడతాను. నేను చెప్పింది మీ అమ్మగారి కష్టం గురించి. దేవుడు అలాంటి బిడ్డని ఇస్తే కాదనలేక, పాపం ఆ తల్లి..."

"దేవుడు ఇవ్వలేదండీ," అంది అన్నపూర్ణ.

పొద్దుట్నుంచి ఆమె నోరు తెరవడం అదే మొదలు. కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది.

"మేం రెజైనా ఊళ్ళో ఉన్నప్పటి మాట. నేను ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. పురిటిబిడ్డని చూసి, మాకొద్దని రాసిచ్చి వెళ్ళిపోయారు కన్నవాళ్ళు. నేను దగ్గరికి వెళ్తే నన్ను చూసి ఆవలించింది. సాయంత్రం మావారిని తీసుకెళ్ళి చూపిస్తే, ఆయన్ని చూసీ ఆవలించింది. ఇద్దరం నవ్వుకుంటూ ఇంటికొచ్చాం. ఇక నిద్ర పడితేనా."

రాగిణి చేతిలో మైకు కిందికి జారింది. ఆమె కూడా ఈ మాట వినడం ఇదే మొదటిసారి.

"ఇన్నేళ్ళూ మాకెవరికీ చెప్పలేదేం అన్నపూర్ణగారూ?" అన్నాడు రాజగోపాల్.

"మీరంతా జాలిపడ్డారు. ఎవరూ అడగలేదు."

అన్నపూర్ణ చిన్నకూతురి వైపు చూసి, చెయ్యి చాచి దగ్గరికి తీసుకుంది.

"నువ్వు మా కడుపున పుట్టావే. దాన్ని మాత్రం, మాకే ఇవ్వండని కనపడ్డ ప్రతి ఆఫీసరునీ బతిమాలి తెచ్చుకున్నాం."