జీలకర్ర పొట్లంలో సీరియల్

“హజ్రా బీ, ఆ పొట్లం ఇటియ్యి!” గల్లాపెట్టె దగ్గర్నుంచి కోటేశ్వరమ్మ కేకేసింది.

కొట్టు మెట్లు దిగబోతున్న హజ్రా బీ ఆగింది. “ఏందక్కా, తూకం తప్పిందా?”

“తూకం గాదు. కాగితం తప్పింది.”

జీలకర్రని వేరే కాగితంలో కట్టిచ్చి, నలిగిన ఆ పాత వారపత్రిక పేజీని ఒళ్ళో పెట్టుకుని సాపు చేసింది. పక్కనే మెంతులు ఏరుతున్న కోడలు జాహ్నవికి కుతూహలం ఆగలేదు. అత్తతో మాటలు మానేసి నెల కావొస్తోంది. అయినా అడిగేసింది.

“ఏముంది అందులో?”

“సీరియలు. ఆ మాణిక్యమ్మ ఏం జేసిందో తెలీక నిన్నట్నుంచి అన్నం సయించట్లా.”

నరసరావుపేటలో ఆ కిరాణా కొట్టు కోటేశ్వరమ్మ భర్త చలమయ్యది. ప్లాస్టిక్ కవర్లు మానేశాక, పాత కాగితాల సుభానీ దగ్గర కట్టలు కొని పొట్లాలు కడుతున్నారు. ఈసారి వచ్చిన కట్టలో ఏ పెద్దామె దాచుకున్నవో, ఎప్పటివో వారపత్రికలు.

ఆ పేజీ జాహ్నవి కూడా చదివింది. చదివాక ముందు పేజీ కావాల్సొచ్చింది. మధ్యాహ్నం బేరాల్లేని వేళ అత్తాకోడళ్ళిద్దరూ కట్ట ముందేసుకుని కూర్చున్నారు. రెండో భాగం కంటే నాలుగోది ముందు దొరికింది. చలమయ్య తల పట్టుకున్నాడు.

“యాపారం జేస్తున్నారా, పరీక్షలకు చదువుతున్నారా?”

కథ పెద్దదేం కాదు. మాణిక్యమ్మ మనవడు పురిట్లోనే పోతాడు. మర్నాడే ఆవిడ కొడవలి తీసుకుని చేనుకు పోతుంది. ఇక ఈ అత్తతో ఉండనని కోడలు సరోజ పుట్టింటికి బయల్దేరుతుంది. బస్సు కోసం నిలబడ్డ చోట ‘ముగింపు వచ్చేవారం’ అని వేశారు.

“రాతిగుండె అత్తయ్యా ఆ మనిషిది. పసిగుడ్డు పోతే మర్నాడే చేనుకెట్టా పోయింది?” అంది జాహ్నవి.

ఆ కోపం సీరియల్ మీద కాదని ఇద్దరికీ తెలుసు. ఎండాకాలంలో జాహ్నవికి ఐదో నెలలో కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే కోటేశ్వరమ్మ కొట్టు తెరిచి కూర్చుంది. పథ్యం చేసిపెట్టింది, వేళకు మందులిచ్చింది. ఓదార్పుగా ఒక్క మాట మాత్రం అనలేదు. అదే జాహ్నవికి ముల్లులా దిగబడిపోయింది. ఈ ఇంట్లో ఉండనని భర్త వెంకటేష్‌తో తెగేసి చెప్పింది. అతని ఉద్యోగం ఎటూ వినుకొండలోనే. అక్కడే అద్దె ఇల్లు చూశాడు. ఇక మంచిరోజు చూసుకుని పాలు పొంగించుకోవడమే తరువాయి.

కోటేశ్వరమ్మ మిరియాల పొట్లానికి దారం చుట్టి ముడేసింది.

“ఇంట్లో ఏడిస్తే కోడలు చూడదా? చేలో అయితే ఎవరు చూస్తారు?”

“చూస్తే ఏమైంది? ఇద్దరూ కలిసి ఏడ్చేవాళ్ళు!”

“అది తెలీలా ఆ మొద్దుదానికి. దానికెవరు నేర్పారు? వెంకటేష్ కంటే ముందు నాకూ ఒక పిల్ల పోయింది. మర్నాడే మా అత్త నన్ను దెచ్చి ఈ గల్లాపెట్టె ముందు కూకోబెట్టింది. పనిలో పడితే మర్సిపోతావంది.”

“మర్చిపోయావా?”

“ఏడ మర్సిపోతానే!”

జాహ్నవి ఏడ్చేసింది. మిరియాల ఘాటని చూసినవాళ్ళు అనుకుని ఉంటారు. కోటేశ్వరమ్మ చెంగుతో కోడలి కళ్ళు తుడిచి, అదే చెంగుతో తనవీ తుడుచుకుంది.

ఆ రోజు నుంచీ మధ్యాహ్నాలన్నీ ముగింపు కోసం వెతుకులాటే. కట్ట రాగానే తాడు కోసేది కోటేశ్వరమ్మే, ముందు తిరగేసేదీ ఆవిడే. “ఇందులో గూడా లేదే అమ్మాయ్” అంటూ నిట్టూర్చేది. ఆ తర్వాత సరోజ బస్సెక్కిందా, అత్త దగ్గరికి తిరిగొచ్చిందా అని ఇద్దరూ వాదులాడుకునేవాళ్ళు. వాదన ముదిరి నవ్వులోకి దిగేది.

“సుభానీ, ఇంకో ఇంటి కాగితాలు తీసుకురా” అని జాహ్నవి పోరు పెట్టింది.

“తెస్తాలే చెల్లెమ్మా. రొంపిచెర్లలో ఒకాయన దగ్గర గదినిండా ఉన్నయ్యంట.”

మంచిరోజు దగ్గరపడింది. వెంకటేష్ విసుక్కున్నాడు. “సామాన్లు సర్దవేంది?”

“ముగింపు దొరకనీ.”

“సీరియల్ కోసం ఇల్లు మారడం ఆపుతావా?”

“సగం కథలో లేచి ఎట్టా రమ్మంటావు?”

రొంపిచెర్ల కట్ట వచ్చిన రోజున కోటేశ్వరమ్మ నకరికల్లులో పెళ్ళికి పోయింది. తాడు జాహ్నవే కోసింది. నాలుగు పుస్తకాలు తిరగేసిందో లేదో, దొరికింది. సీరియల్ పేరు కింద ‘చివరి భాగం’ అని అచ్చులో కనిపిస్తోంది.

చదవబోయి ఆగిపోయింది. సరోజ బస్సెక్కిందో లేదో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ చదివితే కథ అయిపోతుంది. అయిపోతే రేపు మధ్యాహ్నం అత్త పక్కన కూర్చోవడానికి వంకేముంది? వినుకొండకు రానని మొగుడికి చెప్పడానికి మాత్రం ఏముంది? ఆ పత్రికను చదవకుండానే మడిచేసింది.

ఎక్కడ దాచాలి? కొట్టు మూల లాంతరు చిమ్నీల పెట్టె కనబడింది. అవి కొనేవాళ్ళు లేక ఏళ్ళయింది. పారేద్దామని మామయ్య అంటే అత్తయ్య పడనివ్వదు. ఆవిడ తప్ప దాన్ని ఎవరూ ముట్టరు, ఆవిడైనా దుమ్ము దులిపేది దసరాకే. దసరా ఇంకా చాలా దూరం.

జాహ్నవి మూత తీసి, చిమ్నీల మధ్య కుక్కిన వరిగడ్డిలోకి చెయ్యి పోనిచ్చింది. వేళ్ళకు ఏదో పత్రిక తగిలింది. బయటికి తీసి చూసింది.

అదీ చివరి భాగమే.