ఇరవై ఒకటో ఇల్లు

"నీళ్లు నా గడప దాకా వచ్చినాయి. రాసుకోమ్మా!"

కమలాక్షి జనాన్ని తోసుకుంటూ బల్ల ముందుకొచ్చింది. కొలతలమ్మాయి హరిత కలం ఇంకా కాగితానికి ఆనలేదు, వెనకనుంచి ముసలవ్వ ఆదిలక్ష్మమ్మ గొంతు లేచింది.

"ఏం మే, కుప్పం నుంచి వచ్చి ఆరేండ్లు కాలేదు. మా చెరువు సంగతి నువ్వు చెప్తాండావా?"

పుంగనూరు చెరువు వీధిలో ఉండేవి ఇరవై ఒక్క ఇళ్లు. రెండు వేల అయిదులో పడిన వానలకు చెరువు నిండి మరవ మీదుగా పొర్లింది. నెల తిరక్కుండానే దండోరా వేశారు: చెరువు పక్కన పార్కు వస్తుంది, నీళ్లు ఎవరి ఇంటిదాకా వచ్చాయో జనాన్నే అడిగి రాసుకోవడానికి మదనపల్లె నుంచి మనిషి వస్తుంది, అందరూ రావాలి అని. సోమల వైపు ఊళ్లలో ఇలాగే రాసుకుపోయి, తడిసినవాళ్లకు పక్కా ఇళ్లు ఇచ్చారట. ఈ వీధికి వచ్చిన పక్కా ఇళ్లు ఇరవయ్యేనని వీధిలోనే ఉండే దేవరాజులు ఖాయంగా విని వచ్చాడు.

ఇరవై ఒకటిలో ఒకటి పోవాలి. అది ఎవరిదో పొద్దున్నే వీధంతా తేల్చుకుని కూర్చుంది.

మొగుడు పోయాక కమలాక్షి తనే మట్టి తొక్కి గోడలు పెట్టుకుంది. మొన్నటి వానకు తూర్పు గోడ నిండు చూలాలి పొట్టలా ఉబ్బింది. బిడ్డలిద్దరినీ పడమటి గోడ కింద పడుకోబెడుతోంది. ఆ కాగితంలో పేరు పడితేనే ఆమెకు దారి.

"అరవకండి," అంది హరిత. "ముందు పార్కు ఎందుకో వినండి. వానలు ఏటేటా పెద్దవవుతున్నాయి. నీళ్లు పెరిగితే పరుచుకోవడానికి జాగా..."

"పెరిగేదానికి ఇదేమన్నా సముద్రమామ్మా?" దేవరాజులు అడ్డొచ్చాడు. "మీ సెట్లు మీరు నాటుకోండి. ముందు మా ఇండ్లు రాసుకోండి."

"నన్నడగమ్మా, నేను చెప్తా," అని ఆదిలక్ష్మమ్మ ముందుకొచ్చి చతికిలబడింది. "నా పెండ్లయిన యేడు నీళ్లు చాకిరేవు బండ దాటినాయి. మా పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు ఈ దేవరాజులు కొట్టం దాకా వచ్చినాయి. మొన్నయితే వీళ్ల పొయ్యిలో చేపలు ఈదినాయి!"

"రెండు చేపలు," అన్నాడు దేవరాజులు. "కూర చేసుకున్యాం."

ఒక్కొక్క ఇంటికీ అవ్వ సాక్ష్యం చెప్పింది. ఒకరికి మోకాలి లోతు, ఇంకొకరికి నడుము లోతు. దర్జీ ముక్తియార్‌కు మిషను మునిగింది. ఇరవై ఇళ్లూ అయ్యాయి. ఇరవై వేలిముద్రలు పడ్డాయి.

"మరి నాది?" అంది కమలాక్షి.

"నీ ఇంటికి యాడొచ్చినాయి మే?"

"నీకొచ్చినాయా అవ్వా? వాన రోజుల్లో వీధివాళ్ల కట్టెలన్నీ ఎండేసుకునింది నీ ఇంట్లోనే కదా!"

"నోర్ముయ్! ఊరు గానోళ్లకు ఈడ మాట్లాడే పని లేదు."

"రాయించుకోనీలే అవ్వా," అన్నాడు ముక్తియార్ మెల్లగా. "బిడ్డలున్నోళ్లు."

"అట్లయితే నీది తీసేసి ఆమెది రాయిస్తాం. సరేనా?"

ముక్తియార్ టోపీ సర్దుకుని వెనక్కి జరిగాడు.

దేవరాజులు జేబులోంచి కర్పూరం తీసి రాయి మీద వెలిగించాడు. "గంగమ్మ పేరు చెప్పి అరచేత్తో ఆర్పు మే. నీళ్లొచ్చినాయని సత్యం చెయ్యి. మేమే రాయిస్తాం."

"మీరెవురూ ఆర్పలేదే?"

"మేం ఈడ పుట్టినోళ్లం."

"ఇవన్నీ వద్దండీ," అని హరిత లేచినా ఎవరూ వినిపించుకోలేదు.

కమలాక్షి చెయ్యి చాచింది. పెద్ద కూతురు వెనకనుంచి కొంగు పట్టుకుంది. ఆ బిడ్డ వైపు ఒకసారి చూసింది. చెయ్యి గాలిలోనే ఆగింది. గోడ ఉబ్బింది వానకు, చెరువుకు కాదు. అబద్ధానికి గంగమ్మను అడ్డం పెడితే ఆ తల్లి ఎవరిని పట్టుకుంటుందో!

చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రాలేదమ్మా. నా గడపకు నీళ్లు రాలేదు. అదే రాసుకో."

వేలిముద్ర వేసి, పక్కకెళ్లి నేలమీద కూలబడింది. జనం గొల్లున నవ్వారు.

"కుప్పం బస్సు సాయంత్రం దాకా ఉండాది, పో!" అంది ఆదిలక్ష్మమ్మ.

దేవరాజులు మీసం దువ్వుకుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు. "అయితే మా ఇరవై మందికి కొత్త ఇండ్లు యాడ కట్టిస్తారమ్మా?"

"కొత్త ఇళ్లా? అవెవరిస్తామన్నారు?" హరిత కలానికి మూత పెడుతూ ఆగి అంది:

"నీళ్లొచ్చిన ఇళ్లు తీసేసి అక్కడే కదండీ పార్కు వేసేది?"