ఎండ చూడని మాంసం

అత్తారింట్లో మాంసం దొంగతనం చెయ్యాలని ధనుంజయ్ భోజనం మధ్యలోనే నిర్ణయించుకున్నాడు. కంచంలో బీరకాయ కూర ఉంది. వసారాలోంచి ఎండు మాంసం వాసన వస్తోంది.

భార్య గౌరీశ్వరి కవిటిలో పుట్టింటికి పురిటికొచ్చి, కొడుకుని కని పన్నెండు రోజులైంది. ఎండు మాంసం తినాలనుందని ఒకటే గోల. బయట చూస్తే వారంగా ముసురు. ముక్కలు ఎండే దారి లేదు. అప్పుడు ఆమె చెల్లెలు సుస్మిత, టెక్కలిలో డిప్లొమా చదివే పిల్ల, వసారాలో పాడైపోయి పడున్న ఫ్రిజ్‌ని ముందేసుకుంది. అడుగున బల్బు పెట్టింది. పైన పాత కంప్యూటర్లోంచి పీకిన ఫ్యాను బిగించింది. వేడి ఎక్కువైతే బల్బు దానంతటదే ఆరిపోతుంది. ఉప్పూ పసుపూ పట్టించిన మేక మాంసం ముక్కలు లోపల తీగలకి వేలాడదీసింది. నాలుగో రోజుకి గలగలలాడేలా ఎండాయి.

"ఎండ సూడని మాంసం బాలింతకి ఎలాగెడతానే?" అని తల్లి దేవి మాత్రం ఇంకా నసుగుతూనే ఉంది.

ధనుంజయ్‌కి అడగడానికి నామోషీ. అల్లుడన్నవాడు పెట్టింది తినాలి గానీ, బాలింత కోసం దాచింది అడుగుతాడా? దొంగిలిస్తూ దొరికితే ఇక ఈ గుమ్మం తొక్కలేడు.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా రెండు ముక్కలు లాగి, తోటలో మోటారు గదికి పోయి, కొబ్బరి చిప్పల నిప్పుల మీద కాల్చుకుని తిన్నాడు.

మర్నాడు పొద్దున్న సుస్మిత టీ తెచ్చింది.

"బావా, రెండు ముక్కలు తగ్గినాయి."

"పిల్లేమో."

"తలుపు తీసింది సరే. మళ్ళీ ఏసెల్లిందేటి? మంచి పెంపకం." గ్లాసు అందించి, "నీకు కడుపులో బాగుందా? రాత్రి తిన్నది అరిగిందా?" అంది.

"నాకేటి, రాయిలాగున్నాను."

ఆమె వెళ్ళి ఫ్రిజ్‌కి తాళం వేసింది. తాళంచెవి పక్కనే మేకుకి తగిలించి, "అమ్మా, సెవి ఇక్కడెట్టినాను" అని వీధంతా వినిపించేలా చెప్పింది. చదువుంది గానీ తెలివి లేదనుకున్నాడు ధనుంజయ్. ఆ మధ్యాహ్నం నాలుగు ముక్కలు పోయాయి.

మరుసటి పొద్దున్న సుస్మిత అతని మొహంలోకి పరీక్షగా చూసింది.

"ఏటి బావా, సెమటలు పడతన్నాయి?"

"ఉక్కపోత."

"ముసురులో ఉక్కపోతా?" నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "జొరం లేదులే" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తెలిసిపోయింది. అత్తగారికి చెప్పడానికే వెళ్ళింది. ఈలోపే పలాసలో రైలెక్కెయ్యడం మేలని ధనుంజయ్ బ్యాగు సర్దుకుని బయల్దేరాడు. వంటింటి పక్కనుంచి పిల్లిలా పోతుంటే మరదలి గొంతు వినపడింది.

"రెండ్రోజులుగా సూత్తన్నానమ్మా. ఆరు ముక్కలు తిన్నాడు, బావకి కడుపునొప్పి కూడా రాలేదు. ఇంక బయపడకుండా అక్కకి వండీ."