గురువారం మేడం

"మళ్ళ మొదలువెట్టింది సూడు," అన్నాడు దశరథం, టీ కప్పుతో స్తంభం వైపు చూపిస్తూ.

స్తంభం వెనక శిరీష ఫోను చెవికి పెట్టుకుని మెల్లగా మాట్లాడుతోంది. ఎయిర్‌పోర్టు పక్కనున్న సాతంరాయి ఊరి పిల్ల. నడవలేని ప్రయాణికులను వీల్‌చెయిర్‌లో విమానం దాకా తీసుకెళ్ళడం ఆమె పని. అదే మొదటి ఉద్యోగం. చేరిన రోజే, "సార్, నాకు ఉట్టిగనే భయం పట్టుకునే జబ్బుంది. మందులు వాడుతున్న. గురువారం మధ్యాహ్నం దవాఖానకు పోవాలె, అప్పుడు డ్యూటీ వెయ్యకుండ్రి" అని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆనాటి నుంచి సూపర్‌వైజర్ దశరథం ఆమెను పేరు పెట్టి పిలవలేదు. 'గురువారం మేడం' అనే పిలిచాడు.

"పని మంచిగనే చేస్తది గదన్నా," అన్నాడు తోటి ఉద్యోగి నరేందర్. "నిన్న గా ముసలామె విమానమంటే వణుకుతుంటే ఈ పిల్లనే పక్కన కూసోని మాట్లాడింది. నవ్వుకుంట ఎక్కిందామె."

"పిరికోళ్ళకు పిరికోళ్ళే దోస్తులు. సాయంత్రం మేనేజర్ అడుగుతడు, ఈమెను పర్మినెంట్ చెయ్యాల్నా వద్దా అని. వద్దని చెప్త. భయం గూడ ఒక జబ్బేనా? మా తాతలు భయపడలేదా? గోలీలు మింగిన్రా?"

నరేందర్ టీ ఊదుకున్నాడు.

"మా ఇంట్ల గూడ గిదే నాటకం నడిచింది," అన్నాడు దశరథం. "మా బిడ్డ అనుపమ ఆఫీసుల చేరి, వారం తిరగకముందే ఇగ పోనని తలుపేసుకుంది. నేనేం చేసిన? పొద్దున తిట్టిన, మాపటికి తిట్టిన. మా ఇంటామె గురువారం గురువారం పహాడీ షరీఫ్ దర్గాకు తోల్కపోతుంది. ఇప్పుడు సూడు, వాకిట్లకొచ్చి కూసుంటుంది. కడుపునిండ తింటుంది. మళ్ళ నౌకరి చేస్తదట."

"దర్గా మహిమనా, నీ నోటి మహిమనా అన్నా?"

"రూపాయిల దర్గాది పావలా, నాది బారాణ."

కప్పు చెత్తబుట్టలో పడేసి దశరథం స్తంభం దగ్గరికి నడిచాడు. శిరీష అటు తిరిగి ఉంది.

"బస్సెక్కంగనే గుండె దడదడ కొట్టుకుంటది. కొట్టుకోనియ్యి. నాకు ఇప్పటికీ కొట్టుకుంటది. అయినా రోజూ వస్తలేనా? నువ్వు ఊపిరి మీద ధ్యాస పెట్టు. దిగినంక నాకు ఫోన్ చెయ్యి, సరేనా?"

"ఓహో, గురువారం మేడం డాక్టర్ గూడ అయ్యిందా," అన్నాడు దశరథం.

శిరీష ఉలిక్కిపడి, ఫోనును అరచేత్తో మూసి ఇటు తిరిగింది. "టీ టైమే గద సార్. దవాఖానల కలిసిన చెల్లె. పాపం, మళ్ళ పనిల చేరాలని..."

"ఒక పిచ్చిదానికి ఇంకో పిచ్చిది పాఠం చెప్తుందా? ఇటియ్యి. ఆమెకు రెండు మాటలు నేను చెప్త, సాయంత్రం మేనేజర్‌కు నీ సంగతి చెప్త."

శిరీష కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫోను గుంజుకుని దశరథం చెవికి పెట్టుకున్నాడు. అవతల ఎవరో ఆడపిల్ల కిలకిల నవ్వుతోంది.

"అక్కా, మా బాపు ఇంకా మేం దర్గాకే పోతున్నమనుకుంటుండు."