మాట కలవనివ్వని మందు

“మీ ఆయన కాలు తీసెయ్యక తప్పదమ్మా,” అన్నాడు కొత్త మందును పరీక్షిస్తున్న డాక్టరు.

ఆమె గోడకు ఆనుకుంది. “మందు పనిచేస్తుందన్నారుగా సార్?”

“చేస్తుంది. పుండులో చేరే ఈ సూక్ష్మజీవులు ఒంటరిగా ఉన్నంతసేపు బుద్ధిగా పడి ఉంటాయి. ఒకదానికొకటి కబుర్లు పంపుకుని, ‘మనం చాలామందిమే ఉన్నాం’ అని తెలిశాకే మీద పడతాయి. మా మందు వాటిని చంపదు. ఆ కబురు అందకుండా చేస్తుంది, అంతే. కబురందకపోతే ఎన్నుంటే మాత్రం ఏం చేస్తాయి?”

“మరి మా ఆయన పుండు?”

డాక్టరు గొంతు తగ్గించాడు. “ఇక్కడ అందరికీ పనిచేసింది. మీ ఆయన ఒక్కరికే చెయ్యలేదు. ఇంట్లో కట్టు మార్చింది మీరే కదా?”

ఆ ‘కదా’ ఆమె గుండెలో దిగబడింది. చేతులు కడుక్కునే మార్చేది. ఒకరోజు సగం కట్టులో ఉండగా పాలు పొంగితే వంటింట్లోకి పరుగెత్తింది. తిరిగొచ్చాక కడుక్కుందా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడమే నేరంలా తోచింది.

“నా వల్లేనని ఆయనకి చెప్పకండి సార్.”

“నేనెందుకు చెబుతాను? మీరూ బయట ఎవరి దగ్గరా అనకండి. మిగతావాళ్ళు ధైర్యంగా ఉన్నారు. బెదరగొట్టడం దేనికి?”

ఎంత మంచివాడు, అనుకుంది.

మంచం మీద భర్త ఆమెనే చూస్తున్నాడు. “ఏమిటే, మొహం అలా వేలాడేశావు? ఇకమీదట నువ్వు ఒక్క చెప్పు వెతికిపెడితే చాలు.”

ఆమెకు నవ్వు రాలేదు. ఆయన నవ్వుతూనే ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. చటుక్కున వెనక్కి లాక్కుంది. అంతలో బండి వచ్చి ఆయన్ని ఆపరేషన్ గదికి తీసుకుపోయింది.

బయట హాల్లో కుర్చీలు మూలకొకటిగా వేసి ఉన్నాయి. రోగుల తాలూకు మనుషులు దగ్గర దగ్గరగా కూర్చోకూడదు, మాట్లాడుకోకూడదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందని డాక్టరే పెట్టిన నియమం. మాస్కుల వెనక ఎవరి దిగులు వారిదే. ఆమె తన మూలలో కూర్చుని చేతులు కొంగులో దాచుకుంది. ఎంత అదిమినా వెక్కిళ్ళు ఆగలేదు.

“ఏమైందమ్మా?” అవతలి మూల నుంచి ఒక పెద్దాయన అడిగాడు.

చెప్పకూడదనుకుంది. నోరు ఆగలేదు.

“అందరికీ పనిచేసిన మందు మా ఆయన ఒక్కరికే పనిచెయ్యలేదట బాబాయ్. అంతా నా చేతుల వల్లే.”

వంచిన తలలు ఒక్కొక్కటే లేచాయి.

“మాకూ అదే చెప్పాడు,” అన్నాయి అన్ని మూలలూ.